బండల సందున బతికే మొక్కలు

బండకూ బండకూ మధ్య మిగిలే సందు నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. అయినా మొక్క పెరగడానికి కావలసినవన్నీ అక్కడ ఉంటాయి. పెరటి మడిలో కంటే అవి వేరే కొలతల్లో, వేరే తీరులో ఉంటాయి, అంతే. నీరు ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఎండ రెండు వైపుల నుంచి కాలుస్తుంది, మట్టిలో సున్నం ఎక్కువ, పైన మనుషుల నడక. ఈ నాలుగింటినీ గమనించకుండా నర్సరీలో అందంగా కనిపించిన మొక్కను తెచ్చి సందులో నాటితే, చాలాసార్లు అది మొదటి వేసవి దాటదు. ఏ మొక్క నాటాలన్న ప్రశ్నకు జవాబు ముందుగా సందులోనే వెతకాలి.

మొదట నీటి సంగతి. రెండడుగుల పలకలు, అంటే సుమారు 60 సెంటీమీటర్ల చదరాలు, మధ్యలో 5 సెంటీమీటర్ల సందు వదిలి పరిచారనుకుందాం. ఒక పలకనూ దాని వంతు సందునూ కలిపితే 65 సెంటీమీటర్ల చదరం, అంటే 4,225 చదరపు సెంటీమీటర్లు. అందులో పలక 3,600 పోగా సందుకు మిగిలేది 625, మొత్తంలో సుమారు 15 శాతం. వాన మొత్తం నేల మీద సమానంగా పడుతుంది కానీ బండ మీద పడ్డ నీరు జారి సందులోకే చేరుతుంది. జారిన నీరంతా సందుల్లోకే ఇంకితే, 10 మిల్లీమీటర్ల వాన సందులోని మొక్కకు సుమారు 68 మిల్లీమీటర్ల వానతో సమానం. సందును 2.5 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఈ లెక్క దాదాపు పదమూడు రెట్లకు చేరుతుంది. వాస్తవంలో కొంత నీరు వేడి బండ మీదే ఆవిరవుతుంది, వాలు ఉంటే ఇంకొంత బయటికి పోతుంది. అయినా చిన్న జల్లు కూడా సందులోని మట్టిని బాగా తడుపుతుంది. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురంలో సైతం బండల సందులు చుట్టుపక్కల చేలకంటే ముందే పచ్చబడేది ఇందువల్లనే. దీనికి రెండో వైపు కూడా ఉంది. ముసురు పట్టిన రోజుల్లో అదే సందులో నీరు నిలిచి, గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. కాబట్టి సందులో నాటే మొక్క ఎండనూ తట్టుకోవాలి, రెండు మూడు రోజుల ముంపునూ తట్టుకోవాలి.

ఒకసారి వచ్చిన తడిని బండ దాచిపెడుతుంది కూడా. ఏప్రిల్‌లో ఒక బండను గడ్డపారతో ఎత్తి చూస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. పైన చెయ్యి పెట్టలేనంత వేడి, అడుగున చల్లటి చెమ్మ. బండ అడుగు భాగానికి అంటుకుని తెల్లని సన్నటి వేళ్లు వలలా పరుచుకుని ఉంటాయి. ఆ వేళ్లన్నీ సందులో ఉన్న మొక్కలవే. కిందికి దిగిన వేరు గట్టిపడ్డ పొర తగలగానే పక్కకు తిరిగి, బండ నీడలో తడి ఉన్నంత మేరా పాకుతుంది. పైకి రెండంగుళాలు కనిపించే గరిక పోచ కింద రెండడుగుల మేర సాగి ఉండటం వింత కాదు. మొక్క కనిపించేది సందులో, దాహం తీర్చుకునేది బండ కింద. ఈ సంగతి గుర్తుంటే బండల కింద ఏం పరవాలన్న విషయానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. దాని గురించి కింద వస్తుంది.

వేడి విషయంలో బండ మొక్కకు అంత మేలు చెయ్యదు. మే నెల మధ్యాహ్నం ఎండలో బండ పైభాగం 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నల్లగా ఉండే కడప బండ, లేత రంగు తాండూరు బండకంటే ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. ఆకు తనలోని నీటిని ఆవిరి చేసి తనను తాను చల్లబరచుకోగలదు కానీ, బండ అంచుకు ఆనుకున్న లేత కాండానికి ఆ వీలు తక్కువ. వేసవిలో చాలా మొక్కలు మొదలు దగ్గర కాలి, పైన ఆకులు పచ్చగా ఉండగానే వాలిపోతాయి. కణుపు కణుపుకూ వేళ్లు వేసే మొక్కలకు ఈ దెబ్బ అంతగా తగలదు. ఒక చోట కాండం మాడినా మిగతా కణుపులు వాటి వాటి వేళ్ల మీద బతుకుతాయి.

మట్టి సంగతి చాలామంది పట్టించుకోరు. తెలుగునాట ఇళ్ల ముందు పరిచే తాండూరు బండ, కర్ణాటకలోని కలబురగి జిల్లా నుంచి వచ్చే షాబాదు బండ, బేతంచెర్ల నాపరాయి, కడప నల్లబండ, ఇవన్నీ సున్నపురాయే. వాననీటిలో కరిగి ఉండే బొగ్గుపులుసు వాయువు ఈ రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా కరిగిన సున్నం సందులోని మట్టిలో చేరి దాన్ని క్షారగుణం వైపు నెడుతుంది. క్షారం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం దీనికి గుర్తు. ఎరువు వేసినా ఆ పసుపు తగ్గదు, ఎందుకంటే కొరత ఎరువుది కాదు. కొత్తగా కట్టిన ఇంట్లో ఇది ఇంకా తీవ్రం. మేస్త్రీలు కలిపిన సిమెంటు మిగులు, గమేళాలు కడిగిన నీళ్లు అన్నీ బండల కిందికే పోతాయి. తడి సిమెంటు చాలా తీవ్రమైన క్షారం. ఒక వానాకాలం గడిచి నేల కడుక్కుపోయేదాకా అలాంటి సందుల్లో నాటకపోవడమే మేలు. గ్రానైటు పలకలు పరిచిన చోట ఈ సున్నం బెడద ఉండదు.

ఇక నడక. కాలి కింద పడి కూడా మొక్క బతకగలదా లేదా అన్నది దాని మొగ్గ ఎక్కడుందన్న దాన్ని బట్టి తేలుతుంది. 20వ శతాబ్దం తొలి దశకంలో డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త క్రిస్టెన్ రౌంకియేర్ ప్రపంచంలోని మొక్కలను పూలను బట్టి కాకుండా, గడ్డుకాలంలో అవి తమ పెరుగుదల మొగ్గలను ఎంత ఎత్తులో దాచుకుంటాయన్న దాన్ని బట్టి విభజించాడు. చెట్లవి గాలిలో ఉంటాయి, కొన్ని గుబుర్లవి నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి, గడ్డివి నేల మట్టాన, దుంపలవి నేల లోపల. ఆయన ఆలోచించింది ముఖ్యంగా చలి, కరువుల గురించే. అయినా తొక్కిడికి కూడా ఈ విభజన చక్కగా నప్పుతుంది. కొనలో మొగ్గ ఉన్న తులసి లాంటి మొక్కను తొక్కితే పెరుగుదల ఆగిపోతుంది. గడ్డి పోచ మాత్రం అడుగు నుంచి పెరుగుతుంది. కొన తెగినా, ఆవు మేసినా, చెప్పు నలిపినా కింద నుంచి మళ్లీ వస్తుంది. నేల మీద పాకుతూ కణుపుల దగ్గర వేరూనే తీగలు కూడా ఈ కోవలోవే.

సందులోని మొక్కకు మరో రక్షణ కూడా ఉంది, అది మనిషి చేతిలో ఉన్నది. మట్టిని బండ పైమట్టానికి ఒక సెంటీమీటరు తగ్గించి నింపితే, పాదం బరువంతా రెండు బండల మీద పడుతుంది. మొగ్గలు ఆ లోతులో భద్రంగా ఉంటాయి. సందు వెడల్పు 5 సెంటీమీటర్లు మించకపోతే పెద్దవాళ్ల పాదం లోపలికి దిగదు. ఇంత చిన్న సర్దుబాటుతో మొక్కల ఎంపిక ఎంతో విశాలమవుతుంది. మట్టిని పైకంటా నింపి చదును చేసే అలవాటు వల్ల బతకాల్సిన మొక్కలు ఎన్నో అనవసరంగా చచ్చిపోతున్నాయి.

ఎవరూ నాటకుండానే సందుల్లో వచ్చే మొక్కలను చూస్తే మరో విశేషం కనబడుతుంది. గరిక, గంగపాయల, గలిజేరు, పల్లేరు, నానుబాలు, ఇవన్నీ వేరువేరు కుటుంబాలవి. వీటిని కలిపేది కిరణజన్య సంయోగక్రియలో ఇవి పాటించే సి4 పద్ధతి. మామూలు మొక్కల్లో వేడి పెరిగేకొద్దీ రూబిస్కో అనే ఎంజైము బొగ్గుపులుసు వాయువుకు బదులు ప్రాణవాయువును పట్టుకుని శ్రమను వృథా చేస్తుంది. సి4 మొక్కలు బొగ్గుపులుసు వాయువును ముందుగానే ఒక చోట చిక్కగా పోగుచేసి, ఆ తర్వాత రూబిస్కోకు అందిస్తాయి. అందువల్ల పత్రరంధ్రాలను కొద్దిగా తెరిచినా వాటికి సరిపోతుంది, నీరు ఆదా అవుతుంది. గంగపాయల ఇంకో అడుగు ముందుకు వేసింది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు అది కలబంద, నాగజెముడు జాతుల్లో ఉండే కామ్ పద్ధతిని కూడా వాడుకుంటుంది. అంటే రాత్రిపూట వాయువును పీల్చి దాచుకుని, పగలు వాడుకోవడం. ఈ రెండు పద్ధతులూ ఆ మొక్క ఆకులో ఒకే కణాల్లో కలిసి నడుస్తున్నాయని 2022లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. పప్పులో వేసుకునే కూరాకు ఇంత అపురూపమైన యంత్రాంగాన్ని మోస్తోందంటే దాన్ని పీకేసే ముందు ఒక్క క్షణం ఆగి చూడాలనిపిస్తుంది.

సందు మొక్కను ఎంచుకోవడమే కాదు, మార్చేస్తుంది కూడా. ఫ్రాన్సు దక్షిణాన ఉన్న మోంపెలియే నగరంలో కాలిబాట చెట్ల పాదుల్లో క్రెపిస్ సాంక్టా అనే చిన్న పసుపుపూల మొక్క పెరుగుతుంది. దానికి రెండు రకాల గింజలు కాస్తాయి: గాలికి ఎగిరేవి, మొక్క మొదట్లోనే రాలేవి. నగరంలో ఎగిరిన గింజ చాలావరకు సిమెంటు మీదే పడి వృథా అవుతుంది. 2008లో వెలువడిన అధ్యయనంలో, నగరంలోని ఈ మొక్కలు పల్లె మొక్కల కంటే ఎక్కువ పాళ్లలో రాలే గింజలను కాస్తున్నాయని, ఆ మార్పు 5 నుంచి 12 తరాల్లోనే వచ్చి ఉంటుందని తేలింది. బండల మధ్య పెరిగే మొక్కకు ఉన్న చోటే విస్తరించడం మేలు. పాకే తీగలూ, కణుపుల నుంచి కొత్త మొక్కలు వేసే గడ్డీ సందులకు ఎందుకు అంత బాగా కుదురుతాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఎంపికకు దిగేముందు ఒక హెచ్చరిక అవసరం. తోటపని పుస్తకాల్లో సందుల కోసం తరచు చెప్పే మొక్కలు పాకే థైము, ఐరిష్ మాస్ అనే సాజినా, కోర్సికా పుదీనా. ఇవి యూరప్ వాతావరణానికి చెందినవి. తెలుగునాట వేసవి రాత్రుల వేడికి, ఆ వెంటనే వచ్చే వానాకాలపు ఉక్కకు అవి నిలవవు. అమెరికా వాయవ్య తీరంలోనో, బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువాళ్ల పెరళ్లలో అవి హాయిగా పెరుగుతాయి. ఇక్కడ వాటికి డబ్బు పెట్టడం దండగ. అదే ఊళ్లో, అదే రకం నేలలో, పాత గుడి ప్రాంగణంలోనో బడి ఆవరణలోనో బండల మధ్య ఏవి పెరుగుతున్నాయో చూడటం అంతకంటే నమ్మదగిన దారి.

పూర్తి ఎండ, రోజూ నడక ఉన్న చోట గరికకు సాటి లేదు. ఎండినట్లు కనిపించినా చావదు, రెండు రోజుల ముంపుకు బెదరదు, సున్నపు మట్టిని పట్టించుకోదు. దాని లోపం దాని బలంలోనే ఉంది. నేలలోపలి కాడలతో బండల కింద నుంచి పాకి పక్కనున్న కూరగాయల మడిలో తేలుతుంది, అక్కడ నుంచి దాన్ని తియ్యడం ఎంతో కష్టం. మడులకు దూరంగా ఉన్న వాకిళ్లకు, బండి నిలిపే చోట్లకు గరిక సరిపోతుంది. నీడను మాత్రం ఓర్వదు. మామిడి చెట్టు కింద పలచబడి మాయమైపోతుంది. నర్సరీల్లో కొరియన్ గడ్డి అనే పేరుతో దొరికే జోయ్సియా ఇంత దూకుడుగా పాకదు, సూదుల్లాంటి సన్నని పోచలతో దట్టంగా అల్లుకుంటుంది. సందు నిండటానికి ఏడాది పైనే పట్టవచ్చు. తొందర లేనివారికి అది చక్కని గడ్డి.

ఎండతోపాటు తడి కూడా అందే చోట, అంటే కుళాయి పక్కన, కుండీల కింద, రోజూ కల్లాపి చల్లే వాకిట్లో, బొక్కెనాకు నాటడం ఎంతో బాగుంటుంది. వృక్షశాస్త్రంలో దీని పేరు ఫైలా నోడిఫ్లోరా. చెరువు గట్ల మీద, కాలువల వెంట తనంత తానే పెరుగుతుంది. ఆకు మొదట్లో సన్నగా, కొన వైపు వెడల్పై, కొస దగ్గర మాత్రమే రంపపు పళ్లతో ఉంటుంది. పూలు చింతగింజంత గుత్తులు, చుట్టూ తెలుపు, గులాబీ రంగుల చిన్న పూల వరస. ప్రతి కణుపు దగ్గరా వేరూనుతుంది, నడిచే కొద్దీ నేలకు ఇంకా అణిగి పాకుతుంది. పూలకు తేనెటీగలు బాగా వస్తాయి. పిల్లలు చెప్పులు లేకుండా ఆడుకునే చోట ఇది గుర్తుంచుకోవాలి. పూత సమయంలో ఒకసారి కత్తిరిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

నీడ, చెమ్మ ఉన్న చోటుకు సరస్వతి ఆకు. ఇంటికి ఉత్తరం వైపు, బావి చుట్టూ, స్నానాల గది వెనక దీనికి తిరుగులేదు. నీడలో ఆకు కాడలు పొడుగై జానెడు ఎత్తుకు లేస్తాయి. కొంచెం ఎండ తగిలి, అప్పుడప్పుడు కాలు పడే చోట కాడలు కురచబడి ఆకులు నేలకు అతుక్కుంటాయి. ఒకే మొక్క వెలుతురును బట్టి రెండు రూపాలు ధరించడం చూడదగ్గది. బట్టలు ఉతికే సబ్బు నీళ్లు పోయే సందులో మాత్రం దీన్ని నాటకూడదు. సబ్బులోని సోడియం, క్షారం మట్టిని బిగుసుకునేలా చేస్తాయి. పైగా పచ్చడికో మందుకో కోసుకునే ఆకు అలాంటి చోట పెరగడం మంచిది కాదు.

నడక పెద్దగా లేని ఎండ చోట్లలో పూల కోసం టేబుల్ రోజా, నీలిపూల విష్ణుక్రాంత బాగుంటాయి. టేబుల్ రోజా గంగపాయలకు దగ్గర చుట్టం. కండగల ఆకుల్లో నీరు దాచుకుంటుంది, తొక్కితే చిట్లుతుంది. విష్ణుక్రాంత వేరు లోతుకు దిగుతుంది కనుక ఎర్ర చలకల్లో నీళ్లు పోయకపోయినా నిలుస్తుంది. మూడేసి బుల్లి ఆకులతో నేలకు అంటుకుని పాకే డెస్మోడియం ట్రైఫ్లోరం నర్సరీల్లో దొరకదు, పచ్చిక మైదానాల అంచున దొరుకుతుంది. చిక్కుడు కుటుంబానిది కావడం వల్ల వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో నత్రజనిని సొంతంగా సమకూర్చుకుంటుంది. పిడికెడు మట్టి మాత్రమే ఉండే సందులో అది చిన్న మేలు కాదు. ఇంతవరకు తోటమాలులు దీన్ని కలుపుగా చూడటం అన్యాయం. పులిచింత కూడా అంతే. గోధుమ రంగు గింజలను కాయ పగిలినప్పుడు చిమ్మి కుండీలన్నిటా మొలుస్తుందని దాన్ని పీకేస్తారు. లేతనీలి రెక్కల చిన్న సీతాకోకచిలుక ఒకటి, పేల్ గ్రాస్ బ్లూ, గుడ్లు పెట్టేది ఆ మొక్క మీదే.

నాటకూడనివి కూడా ఉన్నాయి. పసుపుపూల వెడేలియాను నేలకప్పు మొక్కగా నర్సరీలు విరివిగా అమ్ముతాయి. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన ఈ తీగను ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చారు. జానెడుకు పైగా లేచి బండలనే కప్పేస్తుంది, కాలువలో పడ్డ ముక్క ఎక్కడో తేలి వేళ్లు వేస్తుంది. పల్లేరు ముళ్లు చెప్పులో దిగుతాయి, అత్తిపత్తి ముళ్లు పాదాలను గీరుతాయి. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకాలి. పక్షుల రెట్టతో వచ్చి మొలిచే రావి, మర్రి మొలకలను రెండాకుల దశలోనే తియ్యకపోతే, రెండేళ్లలో వేరు లావై బండను లేపుతుంది.

నాటడానికి ముందు చేయాల్సిన పని బండ పరిచేటప్పుడే మొదలవుతుంది. కింద కాంక్రీటు పోస్తే ప్రతి సందూ అడుగున చిల్లి లేని కుండీ అవుతుంది. దిమ్మిస వేసి గట్టిపరచిన కంకర, దాని మీద రెండు మూడంగుళాల దొడ్డు ఇసుక, ఆపైన బండ. ఇలా పరిస్తే నీరు ఇంకుతుంది, వేళ్లకు దారి దొరుకుతుంది. నల్లరేగడి నేలల్లో కంకర పొరను మందంగా వెయ్యాలి. రేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంగి బండలను ఎగుడుదిగుడు చేస్తుంది. తుంగ గడ్డలు ఉన్న నేలైతే బండలు పరవకముందే తవ్వి ఏరెయ్యాలి. తరవాత బండ కింద నుంచి వచ్చే తుంగను పైనుంచి ఎంత పీకినా గడ్డ అక్కడే ఉంటుంది. సందులో ఎర్రమట్టి, దొడ్డు ఇసుక సమపాళ్లలో కలిపి, గుప్పెడు గుప్పెడుగా వర్మీకంపోస్టు చేర్చి నింపాలి. ఎరువు ఎక్కువైతే మొక్క మెత్తగా, పొడుగ్గా పెరిగి నడకకు నలిగిపోతుంది.

తెలంగాణలో, కోస్తా ఉత్తర భాగంలో జూన్, జులై వానలకు నాటడం మంచిది. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచే కనుక అప్పటిదాకా ఆగవచ్చు. పాకే మొక్కలకు నారు కొనే పనిలేదు. రెండు మూడు కణుపులున్న ముక్కలను జానెడుకొకటి చొప్పున సందులో పడుకోబెట్టి, కణుపులు మునిగేలా మట్టి కప్పి, వేలితో నొక్కాలి. మూడు వారాలపాటు తడి ఆరకుండా చూసి, ఆ తరవాత నీళ్లు తగ్గించాలి. రోజూ పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు బాగా తడిపితే అది బండ కిందికి దిగుతుంది. వేసవిలో నీళ్లు తెల్లవారుజామునే పెట్టాలి, అప్పటికి బండ చల్లబడి ఉంటుంది. కలుపును చంపాలని ఉప్పు, బాత్రూం యాసిడ్ పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. యాసిడ్ సున్నపురాయినే నురగలు కక్కిస్తూ తినేస్తుంది, ఉప్పు పోసిన సందులో చాలాకాలం ఏదీ మొలవదు. వాన తర్వాత మట్టి మెత్తగా ఉన్నప్పుడు చేత్తో పీకడమే సరైన పద్ధతి.

మొదటి వేసవి తరవాత కొన్ని చోట్ల ఖాళీలు తప్పవు. జూన్ వానలకు పక్క కణుపులు పాకి చాలావరకు వాటంతట అవే పూడ్చుకుంటాయి. మిగిలినచోట్ల కొత్త ముక్కలు పెట్టాలి. రెండేళ్లు వరసగా ఒకే చోట మొక్క చనిపోతుంటే మొక్కను మార్చే ముందు ఆ బండను ఎత్తి చూడాలి. కింద సిమెంటు ముద్ద ఉంటే పగలగొట్టి తీసి, ఇసుక నింపి మళ్లీ పరవాలి. చీమల పుట్ట వల్ల మట్టి కిందికి జారిపోయి ఉంటే నింపితే సరిపోతుంది. నీరు నిలిచి నల్లబడి వాసన వేస్తుంటే వాలు సరిచెయ్యాలి. కదపడానికి వీల్లేని కాంక్రీటు ఉంటే ఆ సందులో మొక్కను ఆశించకుండా దొడ్డు ఇసుకో, సన్న కంకరో నింపి వదిలెయ్యడం మంచిది.